ముట్లుడిగిన పిమ్మట: చెప్పుకొనని బాధకు చికిత్స దొరికిన చరిత్ర

శరీరమునకు వచ్చే బాధలలో చెప్పుకొనదగినవి కొన్ని, చెప్పుకొనరానివి కొన్ని అని లోకము ఏనాడో విభజించి పెట్టినది. తలనొప్పి, మోకాళ్ళనొప్పి, అజీర్ణము మొదటి తెగకు చెందినవి. వాటిని గూర్చి పదిమందిలో మాటాడుకొనవచ్చును. విన్నవారు నాలుగు చిట్కాలు చెప్పవచ్చును. ముట్లుడిగిన స్త్రీకి కలిగే యోనిసంబంధమైన బాధ, మూత్రసంబంధమైన బాధ రెండవ తెగకు చెందినవి. తల్లి కూతురితో చెప్పదు. భార్య భర్తతో చెప్పదు. తుదకు వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు కూడ ఆ మాట పెదవుల దాకా వచ్చి వెనుకకు పోవును. కడుపు చించుకొంటే కాళ్ళమీద పడుతుందన్న సామెతను మన ఆడవారు ఇంటి గుట్టుకే కాక ఒంటి గుట్టుకు కూడ వర్తింపజేసుకొన్నారు.

ఈ మౌనము వలన కలిగిన నష్టమెంతటిదో వైద్యచరిత్రను చూచిన గాని బోధపడదు. అందుచేత ఆ చరిత్రను సంగ్రహముగా ఇక్కడ చెప్పదలచినాము. రేడియో ఇంటిల్లిపాది వినేది. ఈ పత్రిక ఇంటిల్లిపాది చదివేది. ఇటువంటి విషయము అందరి ముందు ఎందుకని ఎవరికైన తోచవచ్చును. ఇంటిల్లిపాదిలో నలుబది అయిదు దాటిన ఇల్లాలు ఉన్నది, అరువది దాటిన అత్తగారు ఉన్నది. బాధ వారిది, తెలిసికొనవలసినది అందరును.

ముందుగా బాధ యేమిటో చెప్పుకొందము. ముట్లుడిగే వయస్సులో అండాశయములు ఈస్ట్రోజెన్ అనే హార్మోనును తయారుచేయుట తగ్గించి, క్రమముగా దాదాపు మానివేయును. మన దేశములో ఇది సగటున 46, 47 ఏండ్ల ప్రాయములో జరుగుచున్నది. అప్పుడు ఒంటిలో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి వచ్చునని చాలమందికి తెలియును. అవి కొన్ని ఏండ్లకు సాధారణముగా వాటంతట అవే తగ్గును. కాని యోని లోపలి పొర పలుచబడి పొడిబారుట, మంట, దురద, దాంపత్యములో నొప్పి, మాటిమాటికి మూత్రమునకు పోవలసివచ్చుట, ఆపుకొనలేకపోవుట, మూత్రము పోయునప్పుడు మంట, మూత్రకోశములో పదేపదే చీము పట్టుట - ఈ వరుసలోని బాధలు కాలముతో తగ్గవు. చికిత్స లేనిచో పెరుగును. ముట్లుడిగిన స్త్రీలలో సుమారు సగముమందికి వీటిలో ఏదో ఒకటి ఏదో ఒక మోతాదులో ఉండును.

మన ప్రాచీనులు దీనిని ఎరుగరా అనే ప్రశ్న సహజముగా వచ్చును. ముట్లు పండ్రెండవ యేట మొదలై ఏబదవ యేట ఉడుగునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. చరకసంహిత చికిత్సాస్థానములోని ముప్పదవ అధ్యాయము ఇరువది విధములైన యోనివ్యాపత్తులను వర్ణించినది. అందులో శుష్కయోని అనునది ఒకటి. యోనిముఖము ఎండిపోవుట, దానితో పాటు మలమూత్రములు బంధించి నొప్పి కలుగుట దాని లక్షణములని అందు ఉన్నది. పొడిబారుటకును మూత్రబాధకును పొత్తు కలదని ఆ గ్రంథకర్త గమనించుట విశేషము. అయితే దానికి కారణము వయస్సు అని ఆయన చెప్పలేదు. సంగమకాలములో వేగములను నిరోధించుట వలన వాయువు ప్రకోపించునని చెప్పినాడు. వాతదోషము వలన కలిగిన యోనిరోగములకు నూనెలు పట్టించుట, నూనెలో తడిపిన దూదిని లోపల ఉంచుట మున్నగు స్నేహచికిత్సలు ఆయుర్వేదములో చెప్పబడినవి. ఎండిన దానిని తడుపవలెనన్న ఆ యోచన లక్షణమును ఉపశమింపజేయుటకు తగినదే. మూలకారణము మాత్రము ఇంకను చాల కాలము మరుగుననే ఉండిపోయినది.

పాశ్చాత్యదేశములలో సైతము ఈ వయస్సుకు ప్రత్యేకమైన పేరు ఏర్పడి రెండువందల ఏండ్లు మాత్రమే అయినది. గార్దాన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1816లో ఈ దశలో అడుగుపెట్టే స్త్రీలకు సలహాలు చెప్పుచు ఒక గ్రంథము వ్రాసి, 1821లో దాని రెండవ కూర్పునకు మెనోపాజ్ అనే మాటను పేరుగా పెట్టినాడు. నేడు లోకమంతట వాడుకలోనున్న పదము అదియే. 1857లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ టిల్ట్ అనే వైద్యుడు జీవితములోని ఈ మార్పును గూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించినాడు. స్త్రీల బాధలను ఓపికతో విని వర్గీకరించినాడు గాని, ఆయన చేతిలో ఉన్నవి నిద్రమందులు, విరేచనములు మొదలైన పాతకాలపు ఉపాయములే. పేరు దొరికినది, చికిత్స దొరకలేదు.

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకములో రెండు తీగలు వేరువేరు చోట్ల దొరికినవి. 1892లో జర్మనీలో డోడర్లైన్ అనే వైద్యుడు ఆరోగ్యవతియైన స్త్రీ యోనిలో ఒక జాతి సూక్ష్మజీవులు నివసించుచు లాక్టిక్ ఆమ్లమును పుట్టించుచున్నవని చూపినాడు. మన పాలను పెరుగుగా చేసే సూక్ష్మజీవులకు ఇవి బంధువులే. పెరుగు పులుపు ఇతర క్రిములను రానీయనట్లే ఈ పులుపు కూడ రోగక్రిములను దరిచేరనీయదు. మరి నాలుగేండ్లకు, 1896లో, వియన్నాలో క్నావర్ అనే ఆయన జంతువుల అండాశయములను తీసి శరీరములో మరియొక చోట అంటుకట్టినాడు. అండాశయము లేనిచో జననాంగములు కృశించును. అంటు పట్టినచో కృశించవు. అనగా అండాశయము ఏదో ఒక పదార్థమును రక్తములోనికి విడుచుచున్నదన్నమాట. 1905లో లండనులో స్టార్లింగ్ ఇటువంటి పదార్థములకు హార్మోను అని పేరు పెట్టినాడు. ఈ రెండు తీగలును ఒకే అల్లికలోనివని తెలియుటకు ఇంకను చాల కాలము పట్టినది.

ఇక్కడ నుండి కథ ఆశ్చర్యకరమైన మలుపు తిరిగినది. గ్రీసు దేశము నుండి 1913లో న్యూయార్కునకు వలసవచ్చిన జార్జి పాపనికొలావు గినీ పందులపై పరిశోధన చేయుచుండెను. వాటి అండము ఎప్పుడు పక్వమగునో ప్రాణము తీయకుండ తెలిసికొనుటెట్లు? ముక్కును పరీక్షించే చిన్న పరికరమును ఉపయోగించి, వాటి యోనిలోని తడిని దినదినము గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూచినాడు. అండాశయములోని మార్పులన్నియు ఆ పొరలోని కణములలో అద్దములో వలె కనబడినవి. 1917లో స్టొకార్డుతో కలిసి ఆయన దీనిని ప్రకటించినాడు. స్త్రీలలోను ఇట్లే జరుగునా అని తెలిసికొనుటకు ఆయన భార్య మేరీ ఎన్నో ఏండ్లు తన శరీరమునే ఆ పరిశోధనకు ఒప్పగించినది. తరువాతి కాలములో గర్భాశయముఖ క్యాన్సరును ముందుగా పసికట్టే పరీక్షగా లోకప్రసిద్ధి పొందిన పాప్ పరీక్షకు మూలము ఇక్కడనే ఉన్నది.

ఆ అద్దమును చేతబట్టుకొని 1923లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరములో ఎడ్గర్ ఆలెన్, ఎడ్వర్డ్ డోయిజీ అను ఇద్దరు పరిశోధకులు అసలు హార్మోనును వెదకినారు. పంది అండాశయములలోని ద్రవమును తీసి, అండాశయములు తొలగించిన చిట్టెలుకలకును ఎలుకలకును సూదిమందుగా ఇచ్చినారు. ద్రవములో హార్మోను ఉన్నదో లేదో తెలిపినది ఆ ఎలుకల యోనిపొరయే. పలుచబడిన పొర మరల దళసరి అయినచో ఉన్నట్లు, లేనిచో లేనట్లు. కొన్నేండ్లపాటు లోకమంతట ఈ మందు బలమును ఎలుక యూనిట్లలో లెక్కించినారు. 1929లో డోయిజీ అమెరికాలోను, బూటెనాన్ట్ జర్మనీలోను గర్భిణీస్త్రీల మూత్రమునుండి ఈస్ట్రోన్ అనే మొదటి ఈస్ట్రోజెన్‌ను శుద్ధస్ఫటికములుగా వేరుపరచినారు. 1930లో లండనులో మేరియన్ ఈస్ట్రియోల్‌ను కనుగొన్నాడు.

పాఠకులు ఈ ఘట్టమును ఒక్క క్షణము ఆలోచింపవలెను. ఈస్ట్రోజెన్ అనే పదార్థము ఉన్నదని లోకమునకు సాక్ష్యము చెప్పినదే యోనిపొర. అది లేనినాడు ఎండిపోవుటయు, అది వచ్చిననాడు చిగురించుటయు చూచియే శాస్త్రజ్ఞులు మందును గుర్తించినారు. అనగా ఈ మందు అన్నిటికంటె ముందు పనిచేయగల తావు ఏదో ప్రయోగశాలకు మొదటిదినమునుండియు తెలిసియున్నది. అయినను ఆ తావులో స్త్రీ పడే బాధ వైద్యుల పట్టికలో చాలకాలము చిట్టచివరనే నిలిచినది. ఆవిర్లను గూర్చి, అందమును గూర్చి, ఎముకలను గూర్చి, గుండెను గూర్చి ఎన్నో చర్చలు జరిగినవి. దీనిని గూర్చి స్త్రీ చెప్పలేదు, వైద్యుడు అడుగలేదు.

మందు ఉనికి తెలిసినది గదా, చికిత్స వెంటనే సుగమమైనదా అనిన, కాలేదు. 1930 తరువాతి దశకములో పాపనికొలావు, షోర్ అను వారు ముట్లుడిగిన స్త్రీలకు ఈ హార్మోను ఇచ్చి పొర కోలుకొనుటను గాజుపలకలపై చూపినారు. 1938లో లండనులో చార్లెస్ డాడ్స్ ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేయగల స్టిల్బెస్ట్రాల్ అనే పదార్థమును ప్రకటించినాడు. అది చవుక, మ్రింగవచ్చును, దానికి పేటెంటు లేదు. 1941లో అమెరికా ప్రభుత్వము దానికి అనుమతి ఇచ్చినప్పుడు చూపిన ప్రయోజనములలో యోనిపొర కృశించుట కూడ ఒకటి. మరుసటి యేడు చూడి గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన ఈస్ట్రోజెన్ మాత్రలు అమెరికాలో అమ్మకమునకు వచ్చినవి. అయితే స్టిల్బెస్ట్రాల్‌ను గర్భస్రావమును ఆపునను నమ్మకముతో గర్భిణులకు కూడ విరివిగా ఇచ్చినారు. దాని ఫలము 1971లో బయటపడినది. ఆ మందు తీసికొన్న తల్లుల కుమార్తెలలో కొందరికి యుక్తవయస్సులోనే అరుదైన యోని క్యాన్సరు వచ్చుచున్నదని బోస్టను వైద్యులు కనుగొన్నారు. తల్లి మ్రింగిన మాత్రకు బిడ్డ వెల చెల్లించినది.

మరియొక పొరపాటు అత్యుత్సాహము వలన జరిగినది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే అమెరికను వైద్యుడు ఈ మాత్రలతో స్త్రీ ఎన్నటికి యౌవనము కోల్పోదని చెప్పుచు ఒక గ్రంథము వ్రాసినాడు. అది విపరీతముగా అమ్ముడుపోయినది. ముట్లుడుగుట సహజమైన వయోధర్మము కాక ఒక లోపవ్యాధి అన్నట్లు ప్రచారము సాగినది. 1975 డిసెంబరులో గర్భాశయమున్న స్త్రీకి ఈస్ట్రోజెన్ ఒక్కటే మాత్రలుగా ఇచ్చినచో గర్భాశయపు లోపొరకు క్యాన్సరు ముప్పు పెరుగునని రెండు పరిశోధనలు చూపినవి. అప్పటినుండి దానికి విరుగుడుగా ప్రొజెస్టెరోన్ జాతి మందును జతపరచుట ఆచారమైనది.

ఇంతవరకు మూత్రబాధ సంగతి చెప్పలేదు. దాని కథ వేరుగా నడిచినది. 1948లో అమెరికాలో ఆర్నాల్డ్ కేగెల్ అనే వైద్యుడు కటిభాగములో అడుగున ఉండే కండరములను బిగించి వదలు వ్యాయామమును ప్రకటించినాడు. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రము జారుటకు శస్త్రచికిత్స లేని ఉపాయముగా అది నేటికిని నిలిచియున్నది. తరువాత 1981లో స్వీడను పరిశోధకులు స్త్రీల మూత్రమార్గములో సైతము ఈస్ట్రోజెన్‌ను అందుకొనే గ్రాహకములు ఉన్నవని ప్రకటించినారు. ఇందులో వింత లేదు. పిండదశలో యోని దిగువభాగము, మూత్రమార్గము ఒక్కచోటనే రూపుదిద్దుకొనును. ఒకే బావి నీటితో పెరిగిన రెండు మడులవంటివి అవి. నీరు తగ్గినచో రెండును ఎండును. చరకుడు రెండు బాధలను ఒకే శ్లోకములో చేర్చుటకు శారీరకమైన ఆధారము ఇట్లు దొరికినది.

డోడర్లైన్ కనుగొన్న తీగయు, క్నావర్ కనుగొన్న తీగయు కలిసినది కూడ ఈ మూత్రబాధ వద్దనే. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలము యోనిపొర కణములలో గ్లైకోజెన్ అనే పిండిపదార్థము నిలువ ఉండును. అది మేలుచేసే సూక్ష్మజీవులకు ఆహారము. అవి పుట్టించే ఆమ్లము కోటగోడ. ఈస్ట్రోజెన్ పోయినచో ఆహారము తగ్గును, సూక్ష్మజీవులు తరలిపోవును, పులుపు విరుగును. పేగులనుండి వచ్చే క్రిములు ఆ చోటును ఆక్రమించి పక్కనేయున్న మూత్రమార్గములోనికి ఎగబ్రాకును. 1993లో రాజ్, స్టామ్ అను వైద్యులు పదేపదే మూత్రకోశవ్యాధి వచ్చుచున్న 93 మంది ముట్లుడిగిన స్త్రీలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఈస్ట్రియోల్ లేపనమును, రెండవ జట్టుకు మందులేని లేపనమును యోనిలో రాసికొన ఇచ్చినారు. ఒక్కొక్కరికి ఏడాదికి లెక్కగట్టి చూడగా, మందులేని జట్టులో వ్యాధి 5.9 సార్లు వచ్చినది. మందుపొందిన జట్టులో 0.5 మాత్రమే. పోయిన సూక్ష్మజీవులు తిరిగివచ్చినవి, పులుపు తిరిగివచ్చినది.

ఇంత స్పష్టమైన ఫలితము ఇంటింటికి చేరవలసినది. చేరకుండుటకు కారణము 2002 జులైలో వచ్చిన వార్త. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద అమెరికను పరిశోధనలో 16,608 మంది స్త్రీలు రెండు హార్మోనులు కలిపిన మాత్రలనో, మందులేని మాత్రలనో మ్రింగుచుండిరి. మాత్రలు తీసికొనువారిలో రొమ్ము క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతము కొంత హెచ్చుగా కనబడుటచే ఆ భాగమును మధ్యలో ఆపివేసినారు. ఆ స్త్రీల సగటు వయస్సు 63. వార్త మ్రింగే మాత్రలకు సంబంధించినది. భయము మాత్రము హార్మోను అన్న పేరున్న ప్రతిదానికిని అంటుకొన్నది. యోనిలో రాసే స్వల్పమోతాదు మందు రక్తములోనికి బహుకొద్దిగా మాత్రమే చేరును. అయినను దాని పెట్టెలమీద కూడ అమెరికాలో అవే భయంకరమైన హెచ్చరికలు అచ్చయినవి. వాటిని తొలగించు నిర్ణయమును అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2025 నవంబరులో ప్రకటించినది. ఇరువది మూడేండ్లపాటు ఎందరు స్త్రీలు ఆ పెట్టె తెరచి, కాగితము చదివి, మరల మూసి ప్రక్కన పెట్టిరో లెక్క లేదు.

ఈ నడుమ పేరు కూడ మారినది. యోనిక్షీణత అనే అర్థమునిచ్చే పాతపేరు అవమానకరముగా ఉన్నదని, మూత్రబాధ అందులో ఇమడదని తలచి, 2014లో రెండు వైద్యసంఘములు జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్ అనే పేరు ఖాయపరచినవి. పలుకుటకు కష్టమైన పేరే గాని, రెండు బాధలును ఒక్కటేనని చెప్పుచున్నది. ఇదే కాలములో లేజరు కిరణములతో యోనికి యౌవనము తెప్పింతుమను వ్యాపారము కూడ బయలుదేరినది. కాలిన గాయములు, నొప్పి మొదలగు హాని కలుగుచున్నదని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరింపవలసివచ్చినది.

మన తెలుగునాటికి ఈ చరిత్రతో ఒక విశేషమైన సంబంధము కలదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయమును తీయించుకొన్నవారు దేశములో నూటికి 3.2 కాగా, ఆంధ్రప్రదేశములో 8.9, తెలంగాణములో 7.7. దేశములో ఇవే హెచ్చు. గర్భాశయముతో పాటు అండాశయములను కూడ తీసివేసినచో, ముట్లుడుగుట ఏండ్ల తరబడి కాక ఒక్కదినములో జరుగును. ముప్పదిఅయిదేండ్ల స్త్రీకి ఏబది దాటిన స్త్రీ బాధలు పైబడును. శస్త్రచికిత్సకు ముందు ఈ మాట ఆమెకు చెప్పవలసినది. అండాశయములను తప్పక తీయవలసిన కారణము ఉన్నదా అని ఆమె అడుగవలసినది.

మూత్రమంటను మన ఇండ్లలో వేడి చేసినదందురు. మజ్జిగ, బార్లీ జావ, సబ్జాగింజల నీరు ఇత్తురు. నీరు తగినంత లోనికి పోవుట మంచిదే. కాని నెలనెలా తిరిగివచ్చే మంట వేడి కాదు. మాటిమాటికి లేవవలెనను భయముతో కొందరు నీరు త్రాగుటయే తగ్గింతురు. పెండ్లికి పోరు, బస్సెక్కరు, గుడికి పోరు. దాంపత్యములో నొప్పిని భర్త వైముఖ్యమని తలచును. భార్య తన వయస్సు దోషమని తలచును. ఒకరితో ఒకరు మాటాడుకొనక ఇద్దరును దూరమగుదురు. పొడిబారిన పొర చేసిన పనికి మనస్సులు నింద మోయును.

నేడు తెలిసినంతలో చేయదగినది ఇది. సబ్బులు, సువాసన ద్రవములు లోపలికి వాడరాదు. తేమనిచ్చే లేపనములు వారమునకు రెండు మూడుసార్లును, దాంపత్యవేళ జారుడునిచ్చే జెల్లులును హార్మోను లేని ఉపాయములు. వీటితో తీరనిచో స్వల్పమోతాదు ఈస్ట్రోజెన్ లేపనము గాని, యోనిలో ఉంచే చిన్నబిళ్ళ గాని వైద్యులు వ్రాయుదురు. సాధారణముగా రెండు వారములు ప్రతిరాత్రియు, ఆపై వారమునకు రెండుసార్లు వాడుదురు. గుణము వారములలో మొదలై పూర్తిగా తెలియుటకు సుమారు మూడు నెలలు పట్టును. మానివేసినచో బాధ తిరిగివచ్చును. రొమ్ము క్యాన్సరు వచ్చినవారు తమ క్యాన్సరు వైద్యుని అడుగకుండ వాడరాదు. ముట్లుడిగి ఏడాది గడచిన పిమ్మట ఒక్క చుక్క రక్తము కనబడినను, మూత్రములో రక్తము కనబడినను, మంటతో జ్వరమును నడుమునొప్పియు వచ్చినను ఆలస్యము చేయరాదు. దగ్గినప్పుడు మూత్రము జారువారు కేగెల్ వ్యాయామమును నేర్చుకొని, నెలల తరబడి విడువక చేయవలెను.

అడగనిదే అమ్మయినా పెట్టదందురు. ఎలుక పొర పలికిన సాక్ష్యమును శాస్త్రము 1923లోనే విన్నది. స్త్రీ నోట ఆ మాట వినుటకు లోకము ఇంకను సిద్ధపడుచునే ఉన్నది. ఈ వయస్సులోనున్న ఇల్లాలు వైద్యుని వద్దకు పోవునప్పుడు, చెప్పుటకు సిగ్గైనచో, రెండు వాక్యములు కాగితముపై వ్రాసికొనిపోయి ఇచ్చినను చాలును. ఆమె వెంట పోవువారు ఆ కాగితము ఎందుకని అడుగక, బయట కూర్చుండిన మరియును చాలును.